రీసెట్ చేసినా సైట్లు వేరే చోటికి పోతున్నాయి: రౌటర్‌ని పారేయాలా, బాగుచేసుకోవాలా?

తెనాలి_చిన్నోడు

కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. నేను బెంగళూరులో ఉంటాను, అమ్మానాన్న తెనాలిలో. ఇంట్లో లోకల్ కేబుల్ వాళ్ళ ఫైబర్ కనెక్షన్, వాళ్ళిచ్చిన రౌటరే. ఐదారేళ్ళయింది.

నెల రోజుల నుంచి అమ్మ ఫోన్లో పంచాంగం సైట్ తెరిస్తే రమ్మీ యాప్ పేజీ వస్తోంది. ఒక్కోసారి "మీ ఫోన్లో 7 వైరస్‌లు ఉన్నాయి" అంటూ ఎర్రటి పేజీ. ఆవిడ ఫోన్ పాతది, ఏదో నొక్కేసి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత నాన్న ల్యాప్‌టాప్‌లోనూ అదే వరస. వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే మాత్రం అన్నీ మామూలుగా తెరుచుకుంటున్నాయి.

కేబుల్ ఆఫీసు నుంచి ఒకబ్బాయి వచ్చి, పిన్నుతో వెనక బటన్ నొక్కి రీసెట్ చేసి, యూజర్ నేమ్ మళ్ళీ కొట్టి, 200 తీసుకుని వెళ్ళాడు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు పొద్దున్నే పంచాంగం బదులు మళ్ళీ రమ్మీ.

బావేమో "ఆ డబ్బా బయట పడేసి కొత్తది కొను" అంటాడు. నాన్న "పనిచేసేదాన్ని ఎందుకు పారేస్తార్రా" అంటారు. మీరేమంటారు?

పాత_మోడెం

బావనీ నాన్ననీ కాసేపు పక్కన పెట్టండి. ముందు జబ్బేంటో తేల్చాలి.

ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ "ఫలానా సైట్ ఎక్కడుంది" అని ఎవర్ని అడగాలో చెప్పేది రౌటరే. ఆ అడిగే చోటునే డీఎన్ఎస్ సర్వర్ అంటాం. రౌటర్‌లో ఆ నంబర్‌ని ఎవరో మార్చేస్తే, ఊళ్ళో శాస్త్రిగారిల్లు ఎటు అని అడిగినవాడికి పేకాట క్లబ్బు చూపించినట్టే.

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన ఆ పంచాంగం సైట్ పేరు ఇవ్వండి. వచ్చిన నంబర్ రాసుకోండి. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ మీదికి మారి అదే కొట్టండి. రెండు నంబర్లూ వేరుగా ఉన్నంత మాత్రాన దొంగతనం అనుకోవద్దు, పెద్ద సైట్లకి బోలెడు నంబర్లుంటాయి. అందుకే రెండో పని: బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ లోపలికి వెళ్ళి, వాన్ పేజీలోనూ (బయటి నెట్ సెట్టింగులు) డీహెచ్‌సీపీ పేజీలోనూ (ఇంట్లో ఫోన్లకి రౌటర్ ఇచ్చే సెట్టింగులు) డీఎన్ఎస్ దగ్గర ఏముందో చూడండి.

ఇంకోటి. ఏయే సైట్లు పక్కదారి పడుతున్నాయి, ఏవి పట్టడం లేదు?

తెనాలి_చిన్నోడు

రాత్రి వీడియో కాల్ పెట్టాను. నాన్న ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి ఎదురుగా పట్టుకుని కూర్చున్నారు, సగంసేపు నాకు ఆయన బొటనవేలే కనిపించింది. లాగిన్ అడిగితే అడ్మిన్, అడ్మిన్ అని కొట్టించాను, టక్కున తెరుచుకుంది.

డీహెచ్‌సీపీ పేజీలో ప్రైమరీ డీఎన్ఎస్ దగ్గర ఎప్పుడూ చూడని నంబర్ ఉంది. సెకండరీ మాత్రం గూగుల్ వాళ్ళ 8.8.8.8. ఆ మొదటి నంబర్ ఇక్కడ పెట్టను, ఎవరైనా సరదాకి వేసుకుని చూస్తే నా మెడకు చుట్టుకుంటుంది.

మీ రెండో ప్రశ్న అమ్మనడిగాను. యూట్యూబ్, బ్యాంకు ఎప్పుడూ పోలేదట. పంచాంగం, జిల్లా వార్తల సైటు, వంటల సైటు ఒకటి, ఇవే పోతున్నాయట.

డబ్బా_మార్చు

అడ్మిన్ అడ్మిన్! ఇంక మాట్లాడేదేముంది బ్రో, బావ చెప్పిందే కరెక్ట్.

ఆరేళ్ళ డబ్బాకి ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఎవరిస్తారు? 2014 చివర్లో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు రౌటర్లలో ఒక లోపం బయటపెట్టి దానికి మిస్‌ఫార్చ్యూన్ కుకీ అని పేరు పెట్టారు. కోటీ ఇరవై లక్షల డబ్బాల్లో ఉందన్నారు. ఆ లోపాన్ని సరిచేసిన సాఫ్ట్‌వేర్ 2005 నుంచే ఉంది, రౌటర్ల కంపెనీలు మాత్రం పాత వెర్షనే వేసి అమ్ముకుంటూ పోయాయి. అలాంటి డబ్బాని రీసెట్ చేస్తే ఏమొస్తుంది? అదే పాత చిల్లు మళ్ళీ వస్తుంది. రెండు, రెండున్నర వేలు పెట్టి కొత్తది కొనండి, పీడా పోతుంది.

రోజుకి_ఆరు_కనెక్షన్లు

అన్నా, నేను ఈ ఫీల్డులోనే ఉన్నా. గుంటూరు జిల్లా కాదులే, వేరే జిల్లా. మా వైపు మాట కూడా వినండి.

ఫైబర్ వచ్చి దూరే ఆ డబ్బా చాలా చోట్ల మామూలు రౌటర్ కాదు, ఓఎన్‌యూ, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురుని నెట్‌గా మార్చే పెట్టె. దాని సీరియల్ నంబర్ ఆఫీసులో ఉన్న మెషీన్‌లో ఎక్కితేనే లైట్ వెలుగుతుంది. ఆన్‌లైన్‌లో 2 వేలకి రౌటర్ కొనుక్కొచ్చి "ఫైబర్ వైర్ ఇందులో పెట్టు" అనే కస్టమర్లు వారానికి ఇద్దరు తగులుతారు. పెట్టడానికి అందులో రంధ్రమే ఉండదు. కొత్త రౌటర్ కొన్నా మా డబ్బా అక్కడే ఉండాలి, దాన్ని బ్రిడ్జ్‌లో (రౌటర్ పని మానేసి సిగ్నల్‌ని అలాగే దాటించేలా) పెట్టి వెనక మీది తగిలించుకోవాలి.

రిమోట్, అంటే బయటినుంచి రౌటర్ లోపలికి వెళ్ళే దారి, ఎందుకు తెరిచి ఉంచారని తిడతారు. రాత్రి పదింటికి ఫోన్ చేసి "నెట్ రావట్లే" అంటే ఇంటికి రాకుండా సరిచేసేది దాంతోనే. పాస్‌వర్డ్ మార్చి పెడితే నెల తిరిగేసరికి కస్టమరే మర్చిపోతాడు, ఆ తిట్లూ మాకే. ఇంకా నయం, బిల్లు గడువు దాటితే వచ్చే మా రీఛార్జ్ పేజీని చూసి కూడా వైరస్ అని ఫోన్ చేసినవాళ్ళున్నారు.

2018లో వీపీఎన్‌ఫిల్టర్ అని వైరస్ వస్తే అమెరికా ఎఫ్‌బీఐ ఏం చెప్పింది? రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమంది. పారేయమనలేదు.

డబ్బా_మార్చు

ఎఫ్‌బీఐ కథ సగమే చెప్పారు గురూ. ఆ వైరస్ మొదటి భాగం రౌటర్ ఆపి ఆన్ చేసినా పోయేది కాదు, అందుకే ఫ్యాక్టరీ రీసెట్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా చేసుకోమన్నారు. ఆ అప్‌డేట్ మీ ఆఫీసులో ఉందా? ఉంటే ఈయనకి ఇవ్వండి, నా వాదన వెనక్కి తీసుకుంటా.

తాళం_గుర్తు

నాకసలు ఈ గొడవే అర్థం కావట్లేదు. ఇప్పుడు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ (తాళం ఉన్న, గుప్తంగా నడిచే కనెక్షన్). డీఎన్ఎస్ అబద్ధం చెప్పినా, తప్పుడు సర్వర్ దగ్గర అసలు సైట్ సర్టిఫికెట్ (ఇది అసలు సైటే అని చూపే డిజిటల్ గుర్తింపు) ఉండదు కాబట్టి వార్నింగ్ వచ్చి ఆగిపోవాలి. రమ్మీ పేజీ ఎలా వస్తుంది? అమ్మగారి ఫోన్లోనే ఏదో చెత్త యాప్ ఉంది, రౌటర్ మీద నింద వేస్తున్నారు.

నెట్‌వర్క్_అక్క

తాళం_గుర్తు గారూ, యాప్ అయితే ల్యాప్‌టాప్‌లోనూ ఎందుకొస్తుంది? మొబైల్ డేటాలో ఎందుకు రాదు? పైగా డీఎన్ఎస్ నంబర్ మారి ఉండటం కళ్ళారా చూశారు.

మీ సర్టిఫికెట్ పాయింట్ నిజమే, కానీ సగం దాకానే. బ్యాంకులు, యూట్యూబ్ లాంటివి "నన్ను ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరువు" అని బ్రౌజర్‌కి ముందే చెప్పి ఉంచుతాయి, దాన్ని హెచ్ఎస్‌టీఎస్ అంటారు. వాటి మీద ఈ ఆట సాగదు. చిన్న సైట్లు చాలావరకు అది పెట్టుకోవు. పాత లింకు మీద నొక్కినప్పుడు మొదటి అడుగు తాళం లేని మామూలు హెచ్‌టీటీపీలో పడుతుంది. కొత్త బ్రౌజర్లు ముందు హెచ్‌టీటీపీఎస్ ప్రయత్నిస్తాయి, కానీ అటు జవాబు రాకపోతే చాలాసార్లు మళ్ళీ హెచ్‌టీటీపీకే దిగుతాయి. దొంగ సర్వర్ చేయాల్సిందల్లా హెచ్‌టీటీపీఎస్‌కి జవాబివ్వకుండా ఊరుకోవడమే. ఆ తర్వాత "రమ్మీ పేజీకి పో" అని ఒక్క ముక్క పంపిస్తాడు. యూట్యూబ్ క్షేమం, పంచాంగం గల్లంతు. వాళ్ళమ్మగారు చెప్పిన జాబితా అచ్చంగా ఇదే.

సెకండరీ 8.8.8.8 ఎందుకుందంటే, వాడి సర్వర్ పడిపోయినా మీ ఇంట్లో నెట్ ఆగకూడదు. ఆగితే మీకు అనుమానం వస్తుంది.

ఇక అసలు విషయం. రీసెట్ చేశాక ఐదో రోజుకి ఎందుకు తిరిగొచ్చింది? రీసెట్ డీఎన్ఎస్‌ని సరిచేసింది. దాంతోపాటు పాస్‌వర్డ్‌ని కూడా అడ్మిన్ అడ్మిన్‌కి తీసుకెళ్ళింది! దొంగని బయటికి తోసి తలుపు బార్లా తీసిపెట్టాడు ఆ 200 అబ్బాయి. రిమోట్ మూసేసినా సరిపోదు. అమ్మగారి ఫోన్లో తెరిచిన ఒక చెత్త పేజీ, వెనకనుంచి చప్పుడు లేకుండా 192.168.1.1కి అడ్మిన్ అడ్మిన్‌తో "డీఎన్ఎస్ మార్చు" అని పంపగలదు. రౌటర్‌కి అది ఇంట్లోవాళ్ళు అడిగినట్టే ఉంటుంది. బ్రెజిల్‌లో ఏళ్ళ తరబడి ఇదే తంతు. 2018లో గోస్ట్‌డీఎన్ఎస్ అనే దాడి బయటపడ్డప్పుడు లక్షకు పైగా రౌటర్లు దొరికాయి, ఎక్కువ అక్కడివే, బ్యాంకుల దొంగ పేజీలకి తీసుకెళ్ళేవి.

అందుకే "పారేయ్" అనేవాళ్ళతో నాకు పేచీ. కొత్త డబ్బా కొని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోతే కథ మొదటికే వస్తుంది. 2020 మార్చిలో కోవిడ్ యాప్ పేరుతో రౌటర్ల డీఎన్ఎస్ మార్చినప్పుడు దెబ్బతిన్నవాటిలో పేరున్న లింక్‌సిస్ డబ్బాలే ఎక్కువ. తర్వాత ఆ కంపెనీ వినియోగదారులందరి చేతా పాస్‌వర్డ్‌లు మార్పించింది.

రోజుకి_ఆరు_కనెక్షన్లు

అక్కా, ఆ 200 అబ్బాయిని ఒక్కణ్ణే అనకండి. మాకు నేర్పించేది రీసెట్, యూజర్ నేమ్, స్పీడ్ టెస్ట్, ఫొటో తీసి గ్రూపులో పెట్టు, అంతే. అడ్మిన్ పాస్‌వర్డ్ అనే మాట ట్రైనింగ్‌లో రాదు.

నెట్‌వర్క్_అక్క

ఆ అబ్బాయి తప్పు కాదు, ఒప్పుకుంటున్నా. వాళ్ళ ఆఫీసుది. 2017లో బీఎస్ఎన్ఎల్ మోడెంల మీద దాడి జరిగినప్పుడు కూడా డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చనివే వేల సంఖ్యలో పడిపోయాయి, పాస్‌వర్డ్ మార్చుకోండని కస్టమర్లకి చెప్పాల్సి వచ్చింది. ఆ చెప్పేదేదో డబ్బా బిగించిన రోజే చెప్తే పోయేది కదా.

పాత_మోడెం

ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (రౌటర్ చెప్పింది కాకుండా ఫోన్‌లోనే విడిగా ఎంచుకునే డీఎన్ఎస్) పెట్టేసుకుంటే ఈ బాధంతా ఉండదని ఎవరో ఒకరు వస్తారు, నేనే ముందు చెప్పేస్తా. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది, ఆ ఫోన్ వరకు బాగానే పనిచేస్తుంది. కానీ టీవీకీ కెమెరాకీ అది పెట్టలేరు. ఇల్లు కారుతుంటే నా మంచం మీద గొడుగు పెట్టుకున్నట్టు ఉంటుంది.

తెనాలి_చిన్నోడు

అక్క చెప్పిన కారణం పట్టుకుని ఈ వరసలో చేశాం. ముందు రీసెట్. ఫైబర్ వైర్ పెట్టకముందే, అంటే నెట్ లేకుండానే, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాం. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్. యూపీఎన్‌పీ (ఇంట్లో పరికరాలు అడగ్గానే రౌటర్‌లో దారులు తెరిచేది) ఆఫ్. డీఎన్ఎస్ దగ్గర ఎవరైనా వాడుకోగల పబ్లిక్ సర్వర్లు 1.1.1.1, 9.9.9.9. తర్వాత వైర్ పెట్టి, ప్రతి ఫోన్లో వైఫైని ఫర్గెట్ చేసి మళ్ళీ కలిపాం. లేకపోతే పాత నంబర్ కొన్ని గంటలు ఫోన్లోనే ఉండిపోతుందట. నాన్నకి బొటనవేలు పక్కకి జరపడం కూడా వచ్చేసింది.

ఇవాళ్టికి పదకొండో రోజు. ల్యాప్‌టాప్ క్లీన్. అమ్మ ఫోన్లో మాత్రం మూడో రోజే మళ్ళీ "7 వైరస్‌లు" వచ్చింది! టెన్షన్‌తో చూస్తే అది సైట్ కాదు, నోటిఫికేషన్. ఆ ఎర్ర పేజీ వచ్చినప్పుడు ఎప్పుడో "అలో" నొక్కిందట. క్రోమ్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసేశాక ఆగింది. తాళం_గుర్తు గారూ, మీ మాటకి పావు వంతు మార్కులు.

కేబుల్ ఆఫీసుని ఫర్మ్‌వేర్ అడిగాను. "ఆ మోడల్‌కి ఇప్పుడు రావట్లేదండీ" అన్నారు.

డబ్బా_మార్చు

చూశారా! మరి పారేయాలా వద్దా?

నెట్‌వర్క్_అక్క

అప్‌డేట్ రాని డబ్బా అయితే మార్చాలి, అక్కడ మీతో ఏకీభవిస్తా. కానీ ఆ ఖర్చు కస్టమర్ నెత్తిన ఎందుకు? డబ్బా వాళ్ళది, మార్చి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చేదాకా ఇప్పుడున్నట్టే నడపొచ్చు, వారానికోసారి ఆ డీఎన్ఎస్ పేజీ చూసుకుంటూ. కొత్త పాస్‌వర్డ్ మాత్రం నాన్నగారికి అందేలా రాసిపెట్టండి.

తాళం_గుర్తు

పాస్‌వర్డ్ కాగితం మీద రాయడమా? సెక్యూరిటీ గురించి ఇంత మాట్లాడి!

నెట్‌వర్క్_అక్క

ఈ దొంగ ఏ దేశంలో కూర్చున్నాడో తెలియదు. తెనాలి వచ్చి వాళ్ళింట్లో కాగితాలు వెతకడు లెండి.

తెనాలి_చిన్నోడు

నాన్న ఆల్రెడీ రాసేశారు. గ్యాస్ బుక్ వెనక అట్ట మీద, పాల లెక్క కింద. కేబుల్ ఆఫీసుకి ఉత్తరం కూడా ఆయనే రాస్తానంటున్నారు, కార్బన్ పేపర్ పెట్టి మరీ.