పాత 407లో రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోంది, లీకేజీ పట్టుకోవడం ఎలా?

తిరుచానూరు 407
అన్నలూ, నాది 2003 మోడల్ టాటా 407. గాజులమండ్యం నుంచి సరుకు తిప్పుతుంటాను. సాయంత్రం బండి ఆపేటప్పుడు సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంటుంది. తెల్లారేసరికి టక్ టక్ అనడం తప్ప తిరగదు. బ్యాటరీ షాపులో లోడు పెట్టి చూసి బ్యాటరీ బాగుందన్నారు. అంటే కరెంటు ఎక్కడో పోతోంది. ఇంట్లో మల్టీమీటర్ ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో రెండు సందేహాలు: ఈ బండికి ఎన్ని ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది? రాత్రిపూట టర్మినల్ తీసి పెడితే ఏమైనా పాడవుతుందా?

దామలచెరువు లోడు
బ్యాటరీ షాపు మాట పట్టుకుని కూర్చోవద్దు తమ్ముడూ. పోయిన సీజన్‌లో తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ క్యూలో ఉండగా నా బండి చచ్చి కూర్చుంది. వెనక లారీల వాళ్లు తిట్టని తిట్టు లేదు. ఎండకు కాయ మెత్తబడింది, రేటు కోసేశారు. ఒకాయన బ్యాటరీ మార్పించాడు, ఇంకొకాయన సెల్ఫ్ మార్పించాడు, మూడో ఆయన డైనమో మార్పించాడు. ఒక్కరూ మీటరు పెట్టి చూసిన పాపాన పోలేదు. ఆఖరికి పార్కింగ్ దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, రాత్రంతా నీ బండి వెనక లైట్లు వెలుగుతూనే ఉన్నాయని. బ్రేకు లైటు స్విచ్ అతుక్కుపోయింది! రెండు 21 వాట్ల బల్బులంటే మూడున్నర ఆంపియర్లు, బ్యాటరీ ఎలా నిలుస్తుంది? ముందు చీకట్లో బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడు.

రేణిగుంట వైరింగ్
నా పని ఇదే, లారీల వైరింగ్. జాగ్రత్తగా చదువు తమ్ముడూ.

కీ తీసెయ్, క్యాబిన్ లైటు, టేపు అన్నీ ఆపెయ్. బ్యాటరీ నెగెటివ్ టర్మినల్ విప్పు. ముందే మీటరు పెట్టొద్దు. 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని, విప్పిన కేబుల్‌కీ బ్యాటరీ పోస్టుకీ మధ్య పెట్టు. బల్బు నిండుగా వెలిగితే పెద్ద లీకేజీ ఉన్నట్టు, అప్పుడు మీటరు జోలికి పోవద్దు. బల్బు వెలగకపోయినా, మసగ్గా వెలిగినా మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి అదే చోట పెట్టు. మీటరు ఉన్నంతసేపు కీ తిప్పొద్దు. సెల్ఫ్ కొట్టావంటే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఎలక్ట్రానిక్స్ నిండిన కొత్త బండికే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలంటారు. కంప్యూటర్ లేని పాత 407లో అంత కూడా ఉండకూడదు. ఒక ఆంపియర్ పోతుంటే రోజుకు 24 ఆంపియర్ అవర్లు పోయినట్టే. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండో రోజుకే సెల్ఫ్ తిప్పలేక చేతులెత్తేస్తుంది. నీకు ఒక్క రాత్రికే దిగుతోందంటే అంతకన్నా ఎక్కువే పోతూ ఉండాలి, లేదా బ్యాటరీ పూర్తిగా చార్జ్ కావడం లేదు.

ఇప్పుడు మీటరు చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్‌లో ఉన్నాడు. ఫ్యూజులన్నీ పీకినా అంకె కదలకపోతే ఆల్టర్నేటర్‌నే అనుమానించు, అదే ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీని చార్జ్ చేసేది, మనవాళ్లు ఇప్పటికీ డైనమో అనేది. దాని లావు వైరు, బీ ప్లస్ అంటాం, ఫ్యూజు పెట్టె గుండా పోకుండా నేరుగా బ్యాటరీకి వస్తుంది.

పాకాల సీనియర్
ఇంత పురాణం దేనికి? 407 బండి 1986లో వచ్చినప్పటి నుంచి నా చేతుల మీద తిరుగుతోంది. ఇంజిన్ స్టార్ట్ చేసి నెగెటివ్ టర్మినల్ పీకెయ్. బండి ఆడుతూ ఉంటే డైనమో బాగున్నట్టు, ఆగిపోతే పోయినట్టు. రెండు నిమిషాల పని.

రేణిగుంట వైరింగ్
పెద్దాయనా, దండం పెడతా, ఈ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నడుస్తున్న ఆల్టర్నేటర్‌కి బ్యాటరీ తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. లోపల కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్లు, వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ కాలిపోతాయి. ఆల్టర్నేటర్లు రాకముందు, అసలు డైనమోల రోజుల్లో చేశారంటే వేరు. పైగా ఈ డీజిల్ ఇంజిన్ పంపు మెకానికల్. ఒకసారి అందుకుంటే కరెంటు లేకపోయినా ఆడుతూనే ఉంటుంది. ఆగకపోతే డైనమో బాగున్నట్టు ఎలా అవుతుంది?

పాకాల సీనియర్
నిన్నగాక మొన్న మీటరు కొన్న పిల్లలు నాకు పాఠం చెబుతారా? హెడ్‌లైట్లు వేసి పీకితే మసకబారడం కంటికి కనబడదా? ఎన్ని బండ్లకు చేశానో నీకేం తెలుసు? ఒక్క డయోడ్ కాలిందని నా షెడ్డుకు ఎవరూ తిరిగి రాలేదు.

చంద్రగిరి ఐటీఐ
తిరిగి రాకపోవడం సాక్ష్యం కాదండీ. కాలిన డయోడ్ అప్పటికప్పుడు చెప్పదు. చార్జింగ్ వస్తూనే ఉంటుంది, రాత్రిపూట మాత్రం వెనక్కి కరెంటు లాగుతుంది. ఆ బండి ఇంకో షెడ్డుకు పోయి ఉంటుంది. చార్జింగ్ చూడాలంటే ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే చాలు. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. ఏదీ పీకే పని లేదు.

పాకాల సీనియర్
ఐటీఐ పుస్తకం చేతబట్టుకుని మొగిలి ఘాట్‌లో అర్ధరాత్రి ఆగిన బండి దగ్గరికి రా నాయనా, అప్పుడు మాట్లాడదాం. మీటరు లేని చోట బండి కదిలించింది మేమే.

రేణిగుంట వైరింగ్
బండి కదిలించడం వేరు, జబ్బు కనుక్కోవడం వేరు. మీ అనుభవాన్ని నేను కాదనలేదు. కానీ చదివినవాడు రేపు ఇదే చేసి ఆల్టర్నేటర్ కాల్చుకుంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పలమనేరు టమాటా
గొడవలు పక్కన పెట్టండి సామీ. పెద్ద బండ్ల వాళ్ల కోసం ఒక మాట. నాది 1613, 24 వోల్టులు, రెండు బ్యాటరీలు. టేపుకీ ఫోన్ చార్జర్‌కీ ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగి ఇచ్చాడు ఎలక్ట్రీషియన్. ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోది ఎక్కువ చార్జ్ అయి నీళ్లు ఉడికిపోతాయి. కోయంబేడు మార్కెట్‌లో టమాటా దించి తిరిగి రాబోతే బండి కదల్లేదు. జత బ్యాటరీలు కొత్తవి వేసినా మళ్లీ అదే కథ. 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టర్ పెట్టించాకే కుదుటపడింది. దయచేసి ఒక్క బ్యాటరీ నుంచి లాగొద్దు.

తిరుచానూరు 407
నాది 12 వోల్టులే అన్నా, ఒక్కటే బ్యాటరీ. ఆంపియర్ అవర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు ఆదివారం, బండి ఖాళీ. బల్బు పెట్టి చూస్తాను.

నగరి పవర్‌లూమ్
బ్యాటరీ నెత్తి శుభ్రంగా ఉందా? దుమ్మూ యాసిడ్ తడీ కలిసి పొరలా పడితే ఆ పొర మీదుగానే కరెంటు పారుతుంది. మీటరు నల్ల కొస నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర కొస బ్యాటరీ పైమూత మీద పెట్టు. వోల్టులు చూపిస్తే కడగాల్సిందే. మూతలు బిగించి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడువు. లోపల పోసేది డిస్టిల్డ్ వాటరే, క్యాన్ నీళ్లు కాదు.

దామలచెరువు లోడు
బ్యాటరీ ఉంటేనే కదా కడిగేది! మండీ దగ్గర నిలిపిన బండ్ల నుంచి బ్యాటరీలే ఎత్తుకుపోతున్నారు. ఇనుప పెట్టె కట్టించి తాళం వేయండి. టర్మినల్ విప్పి పడుకుంటే దొంగకు సగం పని మనమే చేసిపెట్టినట్టు.

చంద్రగిరి ఐటీఐ
టర్మినల్ రోజూ విప్పి బిగిస్తే పోస్టు అరిగి వదులవుతుంది. ఇంజిన్ ఆగి ఉండగా విప్పితే ఆల్టర్నేటర్‌కి ఏమీ కాదు. నెగెటివ్ వైపు కటాఫ్ స్విచ్ పెట్టించుకుంటే చేతికి పని తగ్గుతుంది. అది లీకేజీకి మందు కాదు, జబ్బు దొరికేదాకా కాపాడుతుంది, అంతే.

తిరుచానూరు 407
చూశాను. బల్బు మసగ్గా వెలిగింది. మీటరు పెడితే 1.4 ఆంపియర్లు! ఫ్యూజులన్నీ పీకాను, చుక్క కూడా తగ్గలేదు. రేణిగుంట అన్న చెప్పినట్టే నెగెటివ్ తీసి, బీ ప్లస్ వైరు విప్పి టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టాను. దాదాపు సున్నా. పొద్దున్నే ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, ఎండ వల్ల అనుకునేవాడిని. డయోడ్ ప్లేటు మార్పించాను. ఇప్పుడు తెల్లవారి కూడా సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంటోంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను అన్నా, బ్యాటరీ కొనడానికి అప్పు చేయబోయాను.

పాకాల సీనియర్
డైనమోనే కదా! నేను మొదటే దాని మీద చెయ్యి పెట్టాను.

రేణిగుంట వైరింగ్
తమ్ముడూ, మార్చక ముందు చార్జింగ్ ఎంత ఉండేది?

తిరుచానూరు 407
బ్యాటరీ షాపులో చూసినప్పుడు 13.9 అన్నా.

రేణిగుంట వైరింగ్
అదీ సంగతి పెద్దాయనా. చార్జింగ్ మంచిగానే ఉంది. మీ పరీక్షలో ఈ ఆల్టర్నేటర్ పాసయ్యేది, ఇంకో డయోడ్ కూడా పోయేది. తమ్ముడూ, ఆంపియర్ అవర్లు అడిగావు కదా: పాత బ్యాటరీ స్టిక్కర్ మీద ఉన్న రేటింగే వెయ్యి. అంతకన్నా తక్కువది వద్దు. ట్రేలో కదలకుండా కూర్చోవాలి, టర్మినళ్లు అదే వైపు ఉండాలి.

బంగారుపాళ్యం పికప్
అన్నా, నా బొలెరో పికప్‌లో కీ తీసేశాక కూడా చార్జింగ్ లైటు సన్నగా వెలుగుతూ ఉంటుంది. ఇదీ డయోడేనా? ప్లేటు ఒక్కటే విడిగా దొరుకుతుందా, లేక మొత్తం మార్చమంటారా? మామిడి లోడ్లు మొదలు కాకముందే తేల్చుకోవాలి.