సర్వర్, సెక్యూరిటీ, యూపీఐ వార్తలు నమ్మకంగా ఎక్కడ చదవాలి?

కొత్త అడ్మిన్: పని లినక్స్ సర్వర్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద. గూగుల్ డిస్కవర్ తెరిస్తే కొత్త ఫోన్ల లీకులు, యూట్యూబ్ తెరిస్తే ఎర్ర బాణాల థంబ్‌నెయిల్స్. పొద్దున 20 నిమిషాలకు మించి కుదరదు. ఏవి చదవాలి, ఎలా పెట్టుకోవాలి?

టెర్మినల్ తాత: డిస్కవర్‌ని బాగుచేయాలని చూడకండి. ఒక్క లీకు నొక్కితే ఇంకో పది తెచ్చి పోస్తుంది. ఆర్ఎస్ఎస్ రీడర్ పెట్టుకోండి, అంటే మీరు ఎంచుకున్న సైట్ల కొత్త పోస్టులు (వాటి ఫీడ్లు) ఒక్కచోట చూపించే యాప్. ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే యాప్ ఉచితం, ఖాతా కూడా అక్కర్లేదు. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ చదవాలంటే ఫీడ్లీ. దాని ఉచిత ప్లాన్‌లో 100 ఫీడ్ల వరకు పెట్టుకోవచ్చు, మీకు 12 దాటితే ఎక్కువే.

మీ పనికి ముందు పెట్టాల్సినవి: పోస్ట్‌గ్రెస్ సొంత వార్తల ఫీడ్, ఉబుంటు వాడితే దాని సెక్యూరిటీ నోటీసులు, లినక్స్ వార్తల సైట్ ఎల్‌డబ్ల్యూఎన్. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) సంగతులు ఎల్‌డబ్ల్యూఎన్ అంత వివరంగా రాసేవాళ్లు అరుదు. చందాదారులకు మాత్రమే ఇచ్చే వారపు సంచిక వారం ఆగితే అందరికీ తెరుచుకుంటుంది, కాబట్టి డబ్బు కట్టకపోయినా నష్టం వారమే. మీరు వాడే టూల్స్ కోడ్ పెట్టే సైట్ గిట్‌హబ్‌లో ఉంటే వాచ్ నొక్కి, కస్టమ్‌లో రిలీజెస్ (కొత్త వెర్షన్లు) ఒక్కటే టిక్ చేయండి. అన్నీ టిక్ చేస్తే ఇన్‌బాక్స్ మునిగిపోతుంది.

కొత్త అడ్మిన్: టెక్ లింకులకు జనం ఓట్లేసే సైట్ హ్యాకర్ న్యూస్ ఫీడ్ పెట్టి చూశాను, రోజుకి వందల్లో వస్తున్నాయి.

టెర్మినల్ తాత: నేరుగా పెడితే అంతే. హెచ్ఎన్ఆర్ఎస్ఎస్ అనే సైట్ ద్వారా ఓట్ల పరిమితి పెట్టి తీసుకోండి. 200 పాయింట్లు దాటినవే అంటే చాలావరకు జల్లెడ పట్టినట్టే. అక్కడ చాలాసార్లు వ్యాసం కన్నా కింద కామెంట్లలోనే సరుకుంటుంది.

ప్యాచ్ పంతులు: సెక్యూరిటీ దగ్గర ఒక మాట. సీవీఈలన్నీ (నంబరు ఇచ్చి నమోదు చేసే భద్రతా లోపాలు) చదవాలనుకోకండి, 2024లోనే 40 వేల పైచిలుకు వచ్చాయి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా నడిపే కెవ్ జాబితా చూడండి. నిజంగా దాడుల్లో వాడుతున్నట్టు తేలిన లోపాలే అందులోకి ఎక్కుతాయి. మన దగ్గర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చే అడ్వైజరీలు (హెచ్చరికలు). కంపెనీ ఆడిట్‌లో వీటి గురించి అడుగుతారు కూడా.

పోస్ట్‌గ్రెస్ మైనర్ రిలీజులు (లోపాలు సరిచేసే చిన్న వెర్షన్లు) ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో, మామూలుగా రెండో గురువారం. క్యాలెండర్‌లో రాసేసుకోండి. అయితే వార్త చూసిన రాత్రే ప్రొడక్షన్‌లో (జనం వాడే అసలు సర్వర్లలో) ఎక్కించొద్దు. 2024 నవంబరు 14న 17.1 వచ్చింది. అందులో ఏబీఐ, అంటే కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి, మారడంతో కొన్ని ఎక్స్‌టెన్షన్లకు (పోస్ట్‌గ్రెస్‌కి తగిలించే అదనపు భాగాలు) ఇబ్బంది వచ్చి, వారానికే, 21న, 17.2 ఇవ్వాల్సి వచ్చింది. రిలీజ్ నోట్స్ ఫీడ్‌లో ఉంటే ఇలాంటిది అదే రోజు కంటపడుతుంది. యూట్యూబ్ వీడియో వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది.

విండోస్ విభాగం: మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం కదా, మనకి ఎప్పుడు కనిపిస్తాయి?

ప్యాచ్ పంతులు: మంగళవారం రాత్రి 10:30కి, అమెరికా చలికాలంలో 11:30కి. బుధవారం పొద్దున చూసుకుంటే చాలు.

కొత్త అడ్మిన్: యూపీఐ సంగతి?

లెడ్జర్: యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ, ఆర్‌బీఐ ప్రకటనలే మూలం. 2023 మార్చిలో "2000 దాటితే 1.1% కోత" అని ఊరంతా పాకింది గుర్తుందా? అది వాలెట్ లాంటి ప్రీపెయిడ్ ఖాతాల నుంచి వ్యాపారులకు చేసే చెల్లింపుల మీద ఇంటర్‌చేంజ్, అంటే వ్యాపారి వైపు సంస్థ వాలెట్ కంపెనీకి ఇచ్చే రుసుము. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు కాదు, కస్టమర్ కట్టేదీ కాదు. ఎన్‌పీసీఐ ప్రకటనలో స్పష్టంగానే ఉంది, శీర్షికల్లోనే జారిపోయింది. ఎవరి మీద, ఏ రకం లావాదేవీకి, ఏ తేదీ నుంచి: ఈ మూడూ లేని వార్తని పక్కన పెట్టేయండి.

కొత్త అడ్మిన్: ఫీడర్ పెట్టాను. రెండు ఇబ్బందులు. రాత్రి సింక్ కావట్లేదు, కొన్ని సైట్లవి రెండు లైన్లే వస్తున్నాయి.

టెర్మినల్ తాత: మొదటిది ఫోన్ బ్యాటరీ పొదుపు చేసే పని. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి. రెండోది, సైట్ వాళ్లే ఫీడ్‌ని కత్తిరించి ఇస్తున్నారు. ఆ ఫీడ్ సెట్టింగ్స్‌లో పూర్తి వ్యాసం తెచ్చే ఆప్షన్ ఆన్ చేయండి. చందా గోడ ఉన్న సైట్లకు మాత్రం పనిచేయదు.

అన్నట్టు, జాబితా కుదిరాక ఓపీఎంఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫీడర్ అంతా ఫోన్‌లోనే దాస్తుంది. ఫోన్ పోతే జాబితా కూడా పోయినట్టే.