విజిటింగ్ కార్డు ఫైల్ ప్రెస్సుకు ఎట్లా ఇవ్వాలి?

ప్రశ్న: అన్నా, నల్లగొండలో మా తమ్ముడు మోటారు వైండింగ్ షాపు పెడుతున్నాడు. కార్డు నేనే ఫోన్లో కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేశాను. జేపీజీ పంపితే ప్రెస్సాయన బ్లీడ్ లేదు, పీడీఎఫ్ కావాలంటున్నాడు. బ్లీడ్ అంటే ఏంది? స్క్రీన్ మీది నీలం రంగు అట్లనే వస్తదా?

జవాబు 1: కోసేటప్పుడు బ్లేడు కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, అందుకే బ్యాక్‌గ్రౌండ్ రంగును నాలుగు వైపులా 3 మి.మీ. బయటికి లాగాలి (దీన్నే బ్లీడ్ అంటారు), లేకపోతే అంచున తెల్ల గీత పడుతుంది. కార్డు 90×54 మి.మీ. అయితే బ్లీడ్‌తో ఫైల్ 96×60. ఫోన్ నంబరు, లోగో మాత్రం అంచుకు 4 మి.మీ. లోపలే ఉంచండి. కాన్వాలో పీడీఎఫ్ ప్రింట్ తీసుకుని, క్రాప్ మార్క్స్ (ఎక్కడ కోయాలో చూపే గుర్తులు), బ్లీడ్ దగ్గర టిక్ పెడితే చాలు. సైజు ముందే అడగండి, కొందరు 89×51 కోస్తారు.

జవాబు 2: నీలం అట్లనే రాదు తమ్మీ. స్క్రీన్‌ది ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు), ప్రెస్సుది సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులు), అందుకే మెరిసే రంగులు డల్‌గా దిగుతాయి. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే 100 శాతం పెట్టించు, నాలుగు ఇంకులు కలిస్తే తెలుగు ఒత్తులు మసకబారుతాయి.

జవాబు 3: కోరెల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైల్ ఇస్తే మాత్రం తెలుగు అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే బొమ్మ గీతలుగా మార్చి ఇవ్వండి, ఆ ఫాంటు వాళ్ల సిస్టంలో లేకపోతే అంతా గజిబిజే. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి.