సర్విక్స్‌లో స్మాల్ సెల్ కేన్సర్: ముందు ఆపరేషనా, రేడియేషనా?

ప్రశ్న:
మా పిన్నికి 46 ఏళ్లు. బయాప్సీలో సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా అని వచ్చింది. ఎంఆర్ఐలో గడ్డ 5 సెం.మీ., పారామెట్రియం (సర్విక్స్ పక్కనుండే కణజాలం)లోకి పాకింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. ఒక డాక్టరు గర్భసంచి తీసేద్దాం అన్నారు. ఇంకొకరు రేడియేషన్, వారానికోసారి కీమో మందు సిస్‌ప్లాటిన్ అన్నారు. ఏది సరైందండీ?

పాథాలజిస్టు:
ముందు రిపోర్టు ఖాయం చేసుకోండి. ఈ కణాలు మహా మెత్తన. బయాప్సీ తీసేటప్పుడు నలిగితే స్లైడు మీద నీలం చారల్లా సాగిపోతాయి, అప్పుడు లింఫోమా (లింఫు కణాల కేన్సర్)లా కూడా కనబడతాయి. ఈ రకాన్ని గుర్తుపట్టే స్టెయిన్లు (రంగు పరీక్షలు) సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56, ఐఎన్ఎస్ఎం1లలో కనీసం రెండు పాజిటివ్ ఉండాలి. సీడీ56 ఒక్కటే ఉంటే నేనైతే ఒప్పుకోను. టీటీఎఫ్1 అనే స్టెయిన్ పాజిటివ్ అని రాసుంటే ఊపిరితిత్తుల నుంచి వచ్చిందేమోనని కంగారుపడకండి, సర్విక్స్ గడ్డల్లోనూ వస్తుంది. సెకండ్ ఒపీనియన్‌కి స్లైడ్లతో పాటు మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. కొత్త స్టెయిన్లకు పొరలు కోసేది వాటి నుంచే.

రేడియేషన్ ఆంకాలజిస్టు:
పారామెట్రియంలోకి పాకిందంటే కనీసం 2బి దశ. ఇప్పుడు గర్భసంచి తీయకూడదు. తీసినా రేడియేషన్ తప్పదు, పైగా బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) గొట్టం పెట్టేది గర్భసంచి లోపలే. అది లేకపోతే గడ్డ ఉన్నచోట సరిపడా డోసు పడదు. ఆపరేషన్ మాట 4 సెం.మీ. లోపు, సర్విక్స్ దాటని గడ్డలకే. వాటికీ తర్వాత కీమో ఉంటుంది.

వారం వారం ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 40 మి.గ్రా. సిస్‌ప్లాటిన్ సర్విక్స్‌లో మామూలుగా వచ్చే స్క్వామస్ రకానికి. ఈ స్మాల్ సెల్ రకం తొందరగా రక్తంలో పడి లివర్‌కీ ఎముకలకీ పోతుంది కాబట్టి ఎటోపోసైడ్ అనే ఇంకో కీమో మందు కలపాలి. సిస్‌ప్లాటిన్ మొదటిరోజు, ఎటోపోసైడ్ మూడు రోజులూ, 3 వారాలకోసారి. రేడియేషన్‌తో రెండు సైకిళ్లు, అయ్యాక కనీసం ఇంకో రెండు. బయటి నుంచి 25 విడతల్లో 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత), ఆపై బ్రాకీథెరపీ. రేడియేషన్ మొత్తం 8 వారాల్లో ముగియాలి. మొదలుపెట్టే ముందు ఎక్కడెక్కడికి పాకిందో చూసే పెట్-సీటీ స్కాన్ చేయించండి.

కీమో డేకేర్ నర్సు:
క్రియాటినిన్ 1.9 సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? దాంతో సిస్‌ప్లాటిన్ ఎక్కించరు. గడ్డ మూత్రనాళాన్ని నొక్కుతోందేమో, కిడ్నీ ఉబ్బిందేమో అల్ట్రాసౌండ్‌లో చూపించండి. ఉబ్బితే స్టెంటు, అది ఎక్కకపోతే వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం. అప్పటికీ క్రియాటినిన్ దిగకపోతే కార్బోప్లాటిన్‌కి మారుస్తారు. కీమో మొదలయ్యాక 100.4 జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
రిపోర్టులో సీడీ56 ఒక్కటే ఉందండీ. రేపు పొద్దున అల్ట్రాసౌండ్, అటునుంచి అటే బ్లాకుల కోసం ల్యాబుకి వెళ్తాం.