దోస్తు నెలకు 10,000 "లాభం" కావాలంటున్నాడు: గిర్నీ పార్ట్‌నర్‌షిప్ మిత్తి కాకుండా ఎట్ల రాసుకోవాలి?

మండిబజార్ గిర్నీ:

అస్సలాము అలైకుమ్. వరంగల్‌లో కారం, పసుపు పట్టే గిర్నీ పెడదామనుకుంటున్న. మొత్తం 8 లక్షలు కావాలి. మిషన్లకు 3 లక్షలు, సరుకుకు 4 లక్షలు, షెడ్డు అడ్వాన్సుకూ కరెంటు కనెక్షన్‌కూ కలిపి లక్ష. నా దగ్గర 2 లక్షలున్నాయి. మిగతా 6 లక్షలు మా దోస్తు పెడతానంటున్నాడు, పనిలోకి మాత్రం రాడు. నెల నెలా 10,000 లాభం చేతిలో పెట్టాలి, మూడేళ్లయ్యాక 6 లక్షలు వాపస్ ఇయ్యాలి అంటున్నాడు. కాగితం మీద పార్ట్‌నర్‌షిప్ అనే రాసుకుందామట. మిత్తి మనకు హరామ్ కదా, ఇది మిత్తి కిందికే వస్తదా? వస్తే ఎట్ల మార్చుకోవాలి?

ఇంకోటి. మిర్చి ఎనుమాముల మార్కెట్ యార్డులో కొంటా. పంట రాకముందే రైతుకు పైసలిచ్చి తక్కువ రేటుకు మాట్లాడుకోవచ్చా?

కాజీపేట ముదర్రిస్:

వ అలైకుమ్ అస్సలామ్. మిత్తే. 6 లక్షల మీద నెలకు 10,000 అంటే నూటికి రూపాయి అరవై ఏడు పైసల మిత్తి, ఏడాదికి నూటికి 20. గిర్నీ నడిచినా మూతపడ్డా అసలు భద్రం, రాబడి ఖాయం అన్నప్పుడు అది అప్పే. పైన పార్ట్‌నర్‌షిప్ అని రాసినంత మాత్రాన మారదు.

ఇద్దరి సొమ్మూ ఉంది కాబట్టి మీది ముషారకా అవుతుంది. మొత్తం సొమ్ము దోస్తుదే, మీది పని మాత్రమే అయితే ముదారబా అనేవాళ్లం. ముషారకాలో లాభాన్ని రూపాయల్లో కాదు, వాటాల్లో రాయాలి. మూలధనం 75:25 అయినా లాభం 50:50 అనుకోవచ్చు, ఎందుకంటే పని మొత్తం మీది. హనఫీ ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం) ప్రకారం ఒక్క హద్దు ఉంది: పని చేయనని ముందే చెప్పిన భాగస్వామి తన మూలధనం వాటాకు మించి లాభం అడగకూడదు. అంటే మీ దోస్తు 75 శాతం దాటకూడదు.

నష్టం దగ్గర మాత్రం ఒప్పందానికి చోటు లేదు. అది మూలధనం నిష్పత్తిలోనే పడుతుంది. ఏడాది లాభం 80,000 వస్తే చెరి 40,000. అదే 40,000 నష్టం వస్తే ఆయనకు 30,000, మీకు 10,000. "లాభం సగం, నష్టం సగం" అని రాస్తే వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ నష్టం గురించిన ఆ షరతు చెల్లదు. మీ అజాగ్రత్త వల్ల పోతే వేరే సంగతి. కారుతున్న షెడ్డు కింద బస్తాలు వేసి మిర్చికి బూజు పట్టిందనుకోండి, ఆ నష్టం మీ ఒక్కరిదే. రేటు పడిపోవడం అట్లాంటిది కాదు.

నెల నెలా చేతికి కావాలంటే 6,000 చొప్పున "లాభం మీద అడ్వాన్సు"గా ఇవ్వొచ్చు. ఏడాది చివర సరుకును ఆనాటి రేటుతో లెక్కగట్టి, రావాల్సినవి కలిపి, ఇవ్వాల్సినవి తీసేసి అసలు లాభం తేల్చాలి. ఆయన ఎక్కువ తీసుకుని ఉంటే తిరిగి జమ చేయాలి. చాలామంది ఈ చివరి లెక్క చేయరు. రెండేళ్లు చేయకపోతే ఆ అడ్వాన్సు మిత్తిగా మారిపోయినట్టే.

హన్మకొండ లెక్కలు:

పార్ట్‌నర్‌షిప్ డీడ్ (ఒప్పంద పత్రం) గురించి చెప్తా. మా వైపు ఆఫీసుల్లో తయారుగా ఉండే నమూనాలో "భాగస్వాముల మూలధనంపై ఏడాదికి 12 శాతం వడ్డీ" అనే క్లాజు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆదాయపు పన్ను లెక్కలో ఫర్ము 12 శాతం వరకు ఖర్చుగా చూపుకోవచ్చు, అందుకే పెడతారు. చదవకుండా సంతకం పెట్టకండి, కొట్టేయించండి. దీనివల్ల పన్ను కొంచెం పెరుగుతుంది, ఫర్ము లాభం మీద 30 శాతం పడుతుంది, పైన సెస్సు. అయితే పన్ను కట్టాక మీకు వచ్చే లాభం వాటా మీద మళ్లీ పన్ను లేదు.

కొట్టేస్తే సరిపోదు. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 13 ప్రకారం, భాగస్వామి తన మూలధనానికి మించి ఫర్ముకు డబ్బు ఇస్తే, వేరే ఒప్పందం లేకపోతే దానిపై 6 శాతం వడ్డీ అడిగే హక్కు ఉంటుంది. కాబట్టి "మూలధనంపైన గానీ, అడ్వాన్సుపైన గానీ వడ్డీ ఉండదు" అని తెలుగులోనే విడిగా రాయండి. లాభనష్టాలు వేరువేరు నిష్పత్తుల్లో ఉంటే రెండూ వేరే క్లాజుల్లో పెట్టండి. డీడ్ ఏమీ చెప్పకపోతే అదే సెక్షన్ ఇద్దరికీ సమానం అంటుంది.

దోస్తుకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. పెట్టుబడి మాత్రమే పోతుందిలే అనుకుంటే పొరపాటు. సెక్షన్ 25 కింద ఫర్ము అప్పులకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు, గిర్నీ మొహం చూడకపోయినా సరే. షరియత్ లెక్క మీ ఇద్దరి మధ్య నడుస్తుంది, ఫర్ముకు బయట అప్పిచ్చినవారి ముందు నడవదు. బాధ్యత పెట్టుబడికే ఆగాలంటే 2008 చట్టం కింద ఎల్ఎల్పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) పెట్టండి. ఏటా ఫారం 8 (లెక్కల పత్రం), ఫారం 11 (వార్షిక రిటర్ను) వేయాలి. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంత వరకు ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. మామూలు ఫర్మే అయితే రిజిస్టర్ చేయించండి. చేయకపోతే బాకీ ఎగ్గొట్టిన గిరాకీ మీద ఫర్ము పేరుతో దావా వేయలేరు.

6 లక్షలు బ్యాంకు ద్వారానే రావాలి. ఇదే పద్ధతిలో ఇంకో పది మంది దగ్గర "హలాల్ లాభం" పేరుతో సొమ్ము తీసుకోవాలని మాత్రం చూడకండి. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద అది నేరం. భాగస్వాముల మూలధనానికి అందులో మినహాయింపు ఉంది, ఖాయం రాబడి ఇస్తామని తీసుకున్న డిపాజిట్‌కు లేదు.

ఎనుమాముల యార్డు:

రెండో ప్రశ్నకు. మీరు అడిగినదాన్ని సలమ్ అంటారు. ముందే పూర్తి పైసలిచ్చి తర్వాత సరుకు తీసుకోవడం. జాయజే (ధర్మం ఒప్పుకునేదే), కానీ షరతులు గట్టివి.

మాట కుదిరిన చోటే మొత్తం సొమ్ము ఇవ్వాలి. సగం ఇప్పుడు, సగం కాంటా అయినాక అంటే సలమ్ కాదు. రకం, నాణ్యత, తూకం, తేదీ, ఎక్కడ దించాలి, అన్నీ రాయాలి. ఉదాహరణకు: "తేజ రకం, తాలు లేకుండా, బాగా ఎండినది, 10 క్వింటాళ్లు, ఫిబ్రవరి 28 లోపు, గిర్నీ దగ్గర దించాలి, హమాలీ రైతుది." "బాగా ఎండినది" అన్నచోట తేమ శాతం రాసి మీటరుతో చూస్తే గొడవ రాదు. పచ్చి మీద తీసుకున్న కాయ పది రోజులకే తూకం తగ్గుతుంది, ఇద్దరికీ పేచీ అక్కడే. తొడిమతోనా, తొడిమ తీసిందా అన్నదీ రాయండి.

"ఫలానా చేనులో పండే పంట" అని మాత్రం రాయకండి. ఆ చేను ఎండిపోతే సరుకే ఉండదు కాబట్టి అట్లాంటి ఒప్పందం చెల్లదు. రైతు తన చేనులోదే ఇస్తాడు, అది సరే, కాగితంలో రకమే ఉండాలి. హనఫీలో ఒప్పందం నాటి నుంచి గడువు దాకా ఆ సరుకు బజారులో దొరుకుతుండాలనే షరతు కూడా ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఏడాదంతా ఉంటుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

తెగుళ్లొచ్చి రైతు ఇవ్వలేకపోతే రెండే దారులు. వచ్చే పంట దాకా ఆగడం, లేదా మీరిచ్చినంతే వాపస్ తీసుకోవడం. "రేటు పెరిగింది కాబట్టి ఈనాటి రేటుతో పైసలియ్యి" అంటే అది మిత్తి. సరుకు మీ చేతికి రాకముందే ఇంకొకరికి అమ్మడం కూడా కుదరదు.

అడ్తిల (కమీషను దుకాణాల) దగ్గర నడిచే పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ రైతుకు అప్పిస్తారు, మిత్తి వేస్తారు, పైగా పంట తమ అడ్తికే రావాలంటారు. తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) అసలు, మిత్తి, కమీషను, హమాలీ, దడ్వాయి (తూకం కూలి) అన్నీ కోసి మిగిలింది చేతిలో పెడతారు. మిత్తి మాఫీ చేసి "మాకే అమ్ము" అనే షరతు ఒక్కటే ఉంచినా, అప్పు మీద ఆశించే ఆ లాభమూ నిషిద్ధమే. సలమ్‌లో మీరు అప్పిచ్చినవారు కాదు, కొన్నవారు. యార్డు లోపల వేలంలో కొనాలంటే మార్కెట్ కమిటీ లైసెన్సు తీసుకోవాలి, అది మర్చిపోవద్దు.

మండిబజార్ గిర్నీ:

అందరికీ జజాకల్లాహ్ ఖైర్. దోస్తుతో మాట్లాడిన. నష్టం లెక్క విని వెనక్కు తగ్గిండు. "నాకు నెలకింత అని ఖాయంగా రాకపోతే ఇంట్ల నడవదు" అంటున్నాడు. ఆయన మాటలో కూడా న్యాయముంది. ఖాయం రాబడికి హలాల్ దారి అసలే లేదా?

కాజీపేట ముదర్రిస్:

ఉంది. పైసలకు అద్దె ఉండదు, వస్తువుకు ఉంటుంది. 3 లక్షల మిషన్లు దోస్తే తన పేరు మీద, తన బిల్లు మీద కొని మీ ఫర్ముకు అద్దెకివ్వాలి. దీన్ని ఇజారా అంటారు. నెలకు 5,000 అనుకుంటే ఆ 5,000 ఖాయమే, గిర్నీలో లాభం వచ్చినా రాకున్నా.

అయితే మిషను ఆయనదే అన్నది నిజంగా ఆయనదే కావాలి. మోటారు వైండింగ్ దానంతటదే కాలిపోతే బాగు చేయించేది ఆయన, బాగయ్యేదాకా అద్దె ఆగుతుంది. షెడ్డుకు నిప్పంటుకుని పల్వరైజర్ (పొడి పట్టే మిషను) పోతే నష్టం ఆయనది. జాలీలు, బెల్టు, అరిగే హామర్లు, గ్రీజు మీవి. ఒక ఫేజు పోయిందని తెలిసీ నడిపితే మోటారు మీ నెత్తిన పడుతుంది, అందుకని ఫేజు పోతే ఆపేసే రక్షణ స్టార్టర్‌లో ముందే పెట్టించుకోండి. అద్దె మొదలయ్యేది మిషను బిగించి నడిచే స్థితిలో అప్పగించిన రోజు నుంచి, ఆయన డీలరుకు పైసలు కట్టిన రోజు నుంచి కాదు. "రిపేరు ఎవరిదైనా అద్దె ఆగదు" అని రాయించుకుంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

మూడేళ్ల తర్వాత మిషను మీకు అమ్ముతానని ఆయన వేరే కాగితం మీద మాట ఇవ్వొచ్చు. అద్దె ఒప్పందంలోనే అమ్మకం కలపకూడదు.

మిగతా 3 లక్షలు ముషారకాలో పెట్టనివ్వండి. మీ 2 లక్షలతో కలిపి 5 లక్షలు, నిష్పత్తి 60:40. నష్టం ఇప్పుడు 60:40లో పడుతుంది, లాభంలో ఆయన హద్దు 60 శాతం.

జకాత్ (ఏటా సొమ్ములోంచి ఇవ్వాల్సిన ధర్మదానం) గురించి ఎవరూ అడగలేదు గానీ రేపు రంజాన్‌లో ఎట్లాగూ వస్తుంది. మిషన్లు, కాంటా, షెడ్డు మీద జకాత్ లేదు. అమ్మే సరుకు మీద, చేతిలోని నగదు మీద, వసూలవుతాయనుకున్న బాకీల మీద ఉంటుంది, ఇవ్వాల్సినవి తీసేయాలి. సరుకు 3,40,000, బ్యాంకులో 60,000, రావాల్సినవి 50,000, ఇవ్వాల్సినవి 90,000 అయితే మిగిలేది 3,60,000. హనఫీలో ఎవరి వాటా వారిది: ఆయన 2,16,000 మీద 5,400, మీ 1,44,000 మీద 3,600. సరుకు కొన్న రేటు కాదు, ఆనాటి అమ్మకం రేటు వేయాలి. నిసాబ్ (జకాత్ పడే కనీస సొమ్ము) 612.36 గ్రాముల వెండి విలువ. మీకు ఇంట్లో ఉన్న బంగారం, నగదు కూడా ఈ వాటాతో కలుస్తాయి. ఏడాది చాంద్రమానంలో లెక్క. మార్చి 31 పుస్తకాలతోనే చేస్తానంటే ఆ ఏడాది పొడవు ఎక్కువ కాబట్టి 2.5 బదులు 2.577 శాతం వేయాలి.

హన్మకొండ లెక్కలు:

మిషను అద్దె ఒప్పందానికి ఒక మాట. డీడ్‌లో దీని ప్రస్తావన వద్దు, విడిగా స్టాంపు కాగితం మీద రాయండి. మిషను బిల్లు, బ్యాంకు చెల్లింపు, సీరియల్ నంబరు మూడూ దోస్తు పేరుతోనే సరిపోవాలి. ఫర్ము పుస్తకాల్లో మిషను ఆస్తిగా ఎక్కకూడదు, తరుగుదల మీరు చూపకూడదు, అద్దె మాత్రం ఖర్చుగా రాయండి. ఆయన ఆ అద్దెను తన రిటర్నులో ఆదాయంగా చూపాలి. ఆయనకు జీఎస్టీ నమోదు లేకపోతే 5,000 అద్దె మీద జీఎస్టీ పడదు.