40 ట్యాబ్లెట్లు పెడితే వీడియో ఆగిపోతోంది, నెట్ ప్లాన్ పెంచాలా?

ప్రశ్న: క్లాసులో అందరూ ఒకేసారి పాఠం వీడియో తెరిస్తే తిరుగుతూనే ఉంటోంది. లైన్ 100 ఎంబీపీఎస్.

జవాబు: ప్లాన్ జోలికి పోకండి. 480పీ నాణ్యత వీడియోకి ఒక్కో ట్యాబ్లెట్‌కి 1.5 ఎంబీపీఎస్ అనుకున్నా మొత్తం 60 ఎంబీపీఎస్సే. ఇరుకంతా వైఫై దగ్గరే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. పక్క గదుల రౌటర్లూ వాటిమీదే పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఇంకొకరు: అసలు ఒకే వీడియోని 40 సార్లు దించడం దేనికండీ? పాత ల్యాప్‌టాప్‌లో కొలిబ్రి (నెట్ లేకుండానే పాఠాలు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి, పాఠాలు ముందురోజే దింపుకోండి. ట్యాబ్లెట్ బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబర్), చివర :8080 కొడితే చాలు. ల్యాప్‌టాప్‌ని మాత్రం రౌటర్‌కి కేబుల్‌తోనే కలపండి; వైఫై అయితే ప్రతి వీడియో గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఐపీ మారిపోతే?

జవాబు: రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే ఏర్పాటు) పెట్టేయండి.