అప్‌డేట్: చిన్న కమ్యూనిటీ బ్యాంకు తరఫున మేము పంపిన అభిప్రాయ లేఖ ఏమైంది

బ్యాంకులు తామిచ్చే రుణాల వివరాలను నివేదించాలంటూ వచ్చిన ప్రతిపాదిత నిబంధన అమెరికాలోని మా వంటి చిన్న బ్యాంకుకు మోయలేని భారమవుతుందని, ఆ మాటను నియంత్రణ సంస్థకు అభిప్రాయ లేఖ ద్వారా ఎలా విన్నవించాలని గతంలో ఇక్కడ అడిగాను. తుది నిబంధన వెలువడింది కనుక ముగింపు తెలియజేస్తున్నాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఇక్కడ వచ్చిన సలహాల్లో పనిచేసింది ఒక్కటే: అందరూ పంపే ఒకే నమూనా లేఖపై సంతకం చేసి ఊరుకోకుండా, మా సొంత లెక్కలతో లేఖ రాయమన్నది. ఒకే పాఠంతో వందల లేఖలు వచ్చినా అవి ఒకే వాదన కిందికి వస్తాయని, సంఖ్య కన్నా సారానికే బరువుంటుందని మేము సంప్రదించిన న్యాయవాది కూడా చెప్పారు. అందుకే ఒక్కో దరఖాస్తుకు అదనంగా పట్టే సమయాన్ని, సాఫ్ట్‌వేర్ మార్పుల ఖర్చును, నిబంధనల అమలు చూసే ఉద్యోగి మాకు ఒక్కరే ఉన్న సంగతిని వివరంగా రాశాం. చిన్న సంస్థలపై పడే ప్రభావాన్ని ప్రభుత్వ సంస్థలు పరిశీలించాలనే 1980 నాటి రెగ్యులేటరీ ఫ్లెక్సిబిలిటీ చట్టాన్ని ఆ న్యాయవాది సూచన మేరకే ప్రస్తావించాం. మా లెక్కలకు తోడు లేఖకు అసలు బలమిచ్చింది ఆ ప్రస్తావనేనని నా నమ్మకం. కోరిన మినహాయింపు దక్కలేదు గానీ, చిన్న బ్యాంకులకు అమలు గడువు పెంచారు, మా సిబ్బంది సమస్యకు తుది నిబంధన పీఠికలో (నిబంధనకు ముందుండే వివరణలో) సమాధానమూ ఇచ్చారు.

ఇక్కడ ఎక్కువగా చర్చకు వచ్చిన కమ్యూనిటీ బ్యాంక్ లివరేజ్ రేషియో (చిన్న బ్యాంకులు మూలధనాన్ని సులువుగా లెక్కించుకునే పద్ధతి) మా విషయంలో అక్కరకు రాలేదు. 2018 చట్టంతో వచ్చిన ఆ వెసులుబాటు 1,000 కోట్ల డాలర్ల లోపు ఆస్తులున్న బ్యాంకుల మూలధన లెక్కింపుకు సంబంధించినది. రుణ వివరాల నివేదికతో దానికి సంబంధం లేదు.

ఇలాంటి లేఖలను అందరూ చూడగలిగేలా ప్రచురిస్తారు కనుక ఖాతాదారుల వివరాలేవీ అందులో చేర్చకండి.